ఇనప గోళా, ఇత్తడి డబ్బా, మా బావ

“ఈ బిలాస్‌పూర్ డివిజన్ మొత్తంలో మెదడుని పూర్తిగా వాడుతున్న మనిషి ఒక్కడే ఉన్నాడు రాజేంద్రా. ఆ ఒక్కడూ ఇప్పుడు నీ ఎదురుగా కూర్చుని ఇడ్లీ తింటున్నాడు,” అన్నాడు మా బావ రమణబాబు.

నేను చుట్టూ చూశాను. బల్ల దగ్గర ఇడ్లీ తింటున్నది ఆయనొక్కడే. కాబట్టి పొరబడే అవకాశం కూడా లేదు.

బావది గుంటూరు వైపు. మా అక్క సౌభాగ్యని చేసుకుని పద్దెనిమిదేళ్ళయింది. వారంలో ఆరు రోజులు బొగ్గు కంపెనీ స్టోర్స్‌లో బోల్టులకి కాపలా కాస్తాడు. ఏడో రోజు సమాజానికి కాపలా కాస్తాడు. విజిటింగ్ కార్డు కూడా కొట్టించాడు: ‘రమణబాబు, బి.కాం., నేర పరిశోధకుడు, ఆదివారాలు మాత్రమే’. సోమవారం నేరం చేసేవాళ్ళు హాయిగా బతుకుతున్నారు.

ఆయన ఘనవిజయాలు నాకు కంఠతా వచ్చు. పక్క క్వార్టర్ వాళ్ళ పాల ప్యాకెట్ మాయమైన కేసులో పదకొండు మందిని విచారించి, చివరికి పిల్లిని పట్టుకున్నాడు. పిల్లిని వదిలేశాం. ఆ పదకొండు మంది మాత్రం ఇప్పటికీ మాతో మాట్లాడరు. మా ఇంట్లో గ్యాస్ లైటర్ పోయిన కేసు మూడు రోజులు నడిచి, బావ చొక్కా జేబులో ముగిసింది. “నేరస్థుడి మనసులోకి వెళ్ళి ఆలోచించాను, అందుకే నా దగ్గరే దొరికింది,” అన్నాడు. అక్క ఆ రోజు అన్నం మాడబెట్టింది. పొరపాటున కాదు.

అన్నిటికంటే గొప్ప కేసు మా అమ్మది.

మా అమ్మ కనకమహాలక్ష్మి విజయనగరం దగ్గర పుట్టింది. పదహారో ఏట మా నాన్న చెయ్యి పట్టుకుని, ఓ చుట్టల కట్ట కొంగున కట్టుకుని ఈ ఛత్తీస్‌గఢ్ వచ్చింది. అల్లుడి ఎదుట ఏనాడూ కాల్చలేదు, మర్యాద తెలిసిన మనిషి. కానీ మూడేళ్ళ కిందట డాక్టరు దగ్గు విని చుట్టలు మానమన్నాడు. బావ వెంటనే బియ్యం డబ్బాలో దాచిన చుట్టల కట్టని ‘ఛేదించాడు’. స్కేటింగ్ క్లాసుకని గుమ్మం దాటుతున్న తన కూతురు ప్రణీతని ఆపి, ఆ పిల్ల తల మీద అమ్మ చెయ్యి పెట్టించి, ఇక ముట్టనని ఒట్టు వేయించాడు. ఆపైన ‘పొగాకు లేని ఇల్లు’ అని కంప్యూటర్లో అచ్చు వేయించి, ఫ్రేము కట్టి మా హాల్లో తగిలించాడు. చుట్టాలొస్తే ముందు మంచినీళ్ళు, తరవాత ఆ ఫ్రేము చూపించటం ఆనవాయితీ.

ఆ ఆదివారం పొద్దున్న మేమంతా బయల్దేరింది మా నాన్న కోసం.

నాన్న అప్పలస్వామి రాయపూర్ నుంచి ధమ్‌తరీ వెళ్ళే చిన్న లైనులో ఫైర్‌మేన్‌గా చేరి, ఆవిరి ఇంజను డ్రైవరయ్యారు. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచే బుల్లి బండి. ఆవిరి రోజులు పోయాక ఆయన్ని పెద్ద లైనుకి మార్చారు గానీ, మనసు ఆ రెండున్నర అడుగుల్లోనే ఉండిపోయింది. ఆయన నడిపిన ఇంజన్లలో ఒకదాన్ని బిల్హా ఊరు దాటాక ఎవరో పెద్దమనుషులు పార్కు కట్టి, రెండు కిలోమీటర్ల చుట్టు లైను వేసి, ఆదివారాలు నడుపుతున్నారు. నాన్న దాన్ని ‘చిన్నమ్మి’ అంటారు. మా అక్కని కూడా అలా పిలవలేదు.

చిన్నమ్మి బాయిలరు పర్మిట్ ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటతో అయిపోతుంది. మళ్ళీ పర్మిట్ రాదు, బాయిలరు ముసలిదైపోయింది. ఒంటిగంటకి నిప్పు దించేస్తే ఇక ఎప్పటికీ వెలిగించరు. రంగు వేసి బొమ్మలా నిలబెడతారు. పన్నెండు గంటల ట్రిప్పు చివరిది. ఆ ట్రిప్పు అప్పలస్వామి గారే నడపాలని పార్కు వాళ్ళు కబురు పెట్టారు.

డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి నాలుగు రోజులుగా నిద్ర మానేశారు. పాత నీలం యూనిఫారం మూడుసార్లు ఇస్త్రీ చేయించారు.

“ఏటే, టోపీ సరిగ్గా ఉన్నాదా?” అని వ్యాన్‌లో అమ్మని ఆరోసారి అడిగారు.

“పెళ్ళికి కూడా ఇన్నిసార్లు అడగనేదు ఈ మనిషి,” అంది అమ్మ, ఒళ్ళో పులిహోర బుట్టని పొదివి పట్టుకుని.

మా ఇంట్లో రైల్వే సామాను లేని గది లేదని ఇక్కడే చెప్పేయాలి. దేవుడి దగ్గర గార్డు దీపం. వంటింట్లో మసిగుడ్డ ఒకప్పుడు పచ్చజెండా. తలుపుకి అడ్డం పెట్టేది రైలు పట్టా ముక్క. పాత లైను మూసేసినప్పుడు నాన్నకి దక్కిన తోలు సంచి ఒకటి అమ్మ దగ్గరుండేది, వక్కలు వేసుకోవటానికని. ఆ సంచి సంగతి గుర్తుంచుకోండి. నేనైతే మర్చిపోయాను.

పార్కు స్టేషన్ మాస్టరు రాంప్రసాద్ గారు రిటైరైన అసలు స్టేషన్ మాస్టరే. తెల్ల కోటు, ఇత్తడి బొత్తాలు. తెలుగు డ్రైవర్లతో నలభై ఏళ్ళు వేగి తెలుగు నేర్చుకున్నారు.

“ఆవో, అప్పలస్వామీజీ! మీ చిన్నమ్మి పొద్దున్నించి మీకోసమే ఆవిరి పట్టి కూర్చుంది!”

నాన్న ఆయన్ని పలకరించలేదు. నేరుగా ఇంజను దగ్గరకి వెళ్ళి దాని పక్క మీద అరచెయ్యి ఆనించారు. చెయ్యి కాలుంటుంది. తియ్యలేదు.

పైన ఇంజనులో ఫైర్‌మేన్ సూర్యం ఉన్నాడు. మా రైల్వే కాలనీ వాడే, గుబురు మీసం, మొహమంతా మసి. “దండాలు తాతా! రెగ్యులేటర్ పిడికి నూనె పెట్టి ఉంచినాను,” అన్నాడు.

బావ కళ్ళు చిట్లించాడు. “ఆ మీసం గమనించావా?” అని నా చెవిలో అన్నాడు.

“గమనించాను. బాగుంది.”

“అతనిలో ఏదో ఉంది.”

ఇంకా ఏ నేరమూ జరగలేదు. అనుమానితుడు మాత్రం సిద్ధంగా ఉన్నాడు. బావ పద్ధతే అంత.

ప్లాట్‌ఫారం బెంచీ మీద చేటంత బెత్తం రింగు ఒకటుంది. దానికి బకిల్‌తో ఓ తోలు సంచి తగిలించి ఉంది. సంచిలో పిడికిలంత ఇనప బంతి. దాన్నే గోళా అంటారు. ఒంటి లైను మీద ఆ గోళా ఎవరి చేతిలో ఉంటే లైను వాళ్ళది. అది చేతికి రాకుండా డ్రైవరు బండి కదపకూడదు. బండి ఆగకుండా వెళ్ళే స్టేషన్‌లో అయితే డ్రైవరు ఆ రింగుని ప్లాట్‌ఫారం మీదున్న మనిషికి విసిరేస్తాడు. ఆ మనిషి చెయ్యి చాచి భుజానికి పట్టుకుంటాడు.

ప్రణీత రింగు తీసి తాతయ్య భుజానికి తగిలించింది. “తాతయ్యా, ఏక్ ఫొటో! థోడా స్మైల్ ఇవ్వండి నా!”

“రైలు డ్రైవరు నవ్వకూడదమ్మా. పబ్లిక్ భయపడతారు.”

ఆ ఫొటోల గొడవలో పాత బకిల్ ఊడి, సంచి బెంచీ మీద పడింది. అదే బెంచీ మీద అమ్మ కూర్చుని బుట్టలో ఏదో వెతుక్కుంటోంది. అక్క కుళాయి దగ్గర్నించి వస్తూ “అమ్మా, ఏటి చేస్తున్నావు?” అనేసరికి అమ్మ ఉలిక్కిపడి, చేతికందిన దాన్ని బుట్టలో కుక్కి కొంగు కప్పింది. “ఏటీ నేదు, వక్క.” రాంప్రసాద్ గారు బెంచీ మీదున్న సంచి తీసి రింగుకి బకిల్ పెట్టేశారు.

పదకొండున్నరకి అసలు తంతు మొదలైంది. గోళా ఇచ్చే ముందు స్టేషన్ మాస్టరు సంచి విప్పి చూపించాలి. బంతి మీద చెక్కిన స్టేషన్ పేరు డ్రైవరు పైకి చదవాలి. అప్పుడే అందుకోవాలి. రాంప్రసాద్ గారు అటెన్షన్‌లో నిలబడ్డారు. నాన్న అటెన్షన్‌లో నిలబడ్డారు. జనం ఫోన్లు ఎత్తారు. రాంప్రసాద్ గారు సంచిలో చెయ్యి పెట్టి బయటికి తీశారు.

గుండ్రటి ఇత్తడి డబ్బా.

మూత తీస్తే నాలుగు చుట్టలు, ఓ అగ్గిపెట్టె, సగం కాలిన ముక్క ఒకటి.

అమ్మ వైపు చూశాను. అమ్మ బెంచీ మీద, పులిహోర బుట్ట పక్కన, ఏ పాపం ఎరుగని దానిలా ఆకాశంలో ఏదో పక్షిని చూస్తోంది. ఆకాశంలో పక్షి లేదు. అక్క కూడా అమ్మనే చూస్తోంది. మా ఇద్దరి చూపులూ కలిశాయి. అమ్మ వక్కల సంచీ, గోళా సంచీ ఒక్కలాంటివే, తారుమారయ్యాయి. గోళా బుట్టలో ఉంది.

నెమ్మదిగా వెళ్ళి బుట్ట తెచ్చేస్తే పని అయిపోయేది. కానీ ఈలోపు ప్లాట్‌ఫారం అదిరేలా ఒక గొంతు మోగింది.

“ఎవ్వరూ కదలద్దు!”

మా బావ. ఒక చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో విజిటింగ్ కార్డు.

“ఇది మామూలు దొంగతనం కాదు. దేశంలోని పురాతన వస్తువులని ఓడల్లో విదేశాలకి తరలిస్తున్న భయంకరమైన ముఠా పని. గోళా తీసుకుని చుట్టలు వదిలారు. అంటే సవాల్! ‘దమ్ముంటే పట్టుకో’ అని!”

“దమ్మంటే చుట్టలోదేమోనండీ,” అంది అక్క.

“పాపా మాటలు మత్ సునో, ఆంటీ,” అని ప్రణీత పక్కనున్న ఎవరో ఆవిడకి ధైర్యం చెప్పింది.

“బావా, ముందు ఈ బుట్ట పక్కకి పెడతాను,” అంటూ నేను అడుగు వేశాను.

“ఆగు! ఘటనా స్థలం!” బావ ప్రణీత మెడలోని చున్నీ లాగి, బెంచీ చుట్టూ రెండు వరసలు తిప్పి ముడి వేశాడు. అమ్మని లేవదీసి బయట నిలబెట్టాడు. బుట్ట మాత్రం లోపలే ఉండిపోయింది. “ఈ గీత దాటితే మన చుట్టరికం కూడా చూడను.”

“బాబూ, పులిహోర పాడైపోద్ది, బుట్ట ఒకటీ తీసుకోనీ,” అంది అమ్మ నీరసంగా.

“అత్తయ్యగారూ, మీరు అమాయకులు. నేరస్థుడు ఆ బుట్టని తాకి ఉండొచ్చు. వేలిముద్రలు చెరిగిపోతాయి.” అని అక్క సంచిలోంచి పౌడరు డబ్బా లాక్కుని బెంచీ మీదా, బుట్ట మీదా గుప్పుమని చల్లాడు. వేలిముద్రలు రాలేదు. తుమ్ములు వచ్చాయి. తొమ్మిది.

అటు రాంప్రసాద్ గారు చేతిలో చుట్టల డబ్బా పట్టుకుని చెమటలు తుడుచుకుంటున్నారు. “అప్పలస్వామీజీ, మాఫ్ కరో. గోళా లేదు, తో గాడీ లేదు. నా నలభై ఏళ్ళ సర్వీసులో గోళా లేకుండా బండి వదల్లేదు.”

“తాతయ్యా, లేకిన్ దూసరీ ట్రెయిన్ హై హీ నహీ నా!” అంది ప్రణీత. “ఒకటే ఇంజన్, ఒకటే లైన్. ఎవరొచ్చి గుద్దుతారు?”

రాంప్రసాద్ గారు గోళా అక్కర్లేదంటే నాన్న ఒప్పుకుంటారేమోనని నాకు చిన్న ఆశ. నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

“గోళా చేతిలో ఉంటే ఆ లైను నాది తల్లీ. నేకపోతే నాను దొంగని. దొంగలాగ నడిపి దాన్ని సాగనంపమంటావేటి?”

ఆయన బోర్లించిన బొగ్గు బకెట్ మీద కూర్చున్నారు. ఇంజను వైపు చూడటం మానేశారు. ఒకే ఇంజనున్న లైను మీద ఎదురు బండి రాదని తెలిసీ కదలని ఇద్దరు ముసలివాళ్ళు. వీళ్ళని ఒప్పించటం కంటే ఇంకో ఇంజను తయారుచేయటం తేలిక.

పన్నెండయింది. ఒంటిగంటకి నిప్పు దించాలి.

బావ సగం కాలిన చుట్ట ముక్కని భూతద్దం కింద పెట్టాడు. “రాజేంద్రా, రా. నరాలు తెగే సంగతి చెప్తాను. ఈ ముక్కకి కాలిన కొస నమిలినట్టుంది. కాలని కొస శుభ్రంగా ఉంది. మనిషన్నవాడు ఏ కొస నోట్లో పెట్టుకుంటాడు?”

ఉత్తరాంధ్రలో ఏ ఇంట పుట్టిన పసివాడైనా ఈ ప్రశ్నకి జవాబు చెప్తాడు. మా అమ్మమ్మ, నాయనమ్మ, మా కాలనీలో సగం మంది ముసలమ్మలు నిప్పున్న కొసే నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అడ్డపొగ అంటారు. గాలికి ఆరిపోదు, బూడిద రాలదు, దూరం నుంచి చూసేవాళ్ళకి ఏదో పుల్ల నములుతున్నట్టే ఉంటుంది. గుంటూరు బావకి పొగాకు పంట తెలుసు, ఈ పద్ధతి తెలియదు.

“కాలని కొసే బావా,” అన్నాను. తల్లి కోసం అబద్ధం ఆడితే పాపం లేదనుకున్నాను.

“కదా! మరి కాలిన కొస తడిసి నలిగిందంటే? నేరస్థుడు చుట్టని హడావిడిగా నీళ్ళలో ముంచి ఆర్పాడు! ఇక్కడ నీళ్ళెక్కడున్నాయి?”

“కుళాయిలో.”

“ఇంజనులో!” భూతద్దం గిర్రున తిరిగి సూర్యం మీద ఆగింది. “ఏయ్, దిగు. నీ దగ్గర పొగ వాసన ఎందుకొస్తోంది?”

సూర్యం చేతిలో బొగ్గు పార పట్టుకుని ఒకసారి తన వైపు, ఒకసారి మండుతున్న ఫైర్‌బాక్స్ వైపు చూసుకున్నాడు. “ఏటి బాబూ, మల్లెపూల వాసన వస్తాదేటి ఈడ?”

“వెటకారం! రెండో ఆధారం! చుట్ట తాగుతావా?”

“నానా? నమిలే కైనీ ఒకటే, అది కూడా మా ఇంటిది మాన్పించేసింది.”

“మీసం ఎందుకు పెంచావు?”

“దానంతట అదే వస్తాది గదా బాబూ!”

“గమనించావా రాజేంద్రా? ప్రతి ప్రశ్నకీ జవాబు సిద్ధంగా ఉంది. ముందే ఎవరో శిక్షణ ఇచ్చారు.”

పన్నెండుంపావు. నేను చున్నీ కింద నుంచి చెయ్యి పెట్టి బుట్ట పట్టుకోబోయాను. బావ ఆధారాలు కొలవటానికి తెచ్చుకున్న స్కేలుతో నా వేళ్ళ మీద ఒక్కటిచ్చాడు. అక్క కళ్ళు తిరిగినట్టు బెంచీ మీద పడబోయింది. బావ ఆవిణ్ణి మర్యాదగా గీతకి అవతల పడేలా తిప్పాడు. మా ఇంట్లో ఇంత క్రమశిక్షణగా ఆయన ఏనాడూ ఏ పనీ చెయ్యలేదు. గ్యాస్ సిలిండరు మార్చమంటే రెండు రోజులు పడుతుంది.

“అమ్మా, చెప్పేస్తావా?” అని చెవిలో అడిగాను.

“ఎలగరా? మనవరాలి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసినాను. ఏడాది ఆగినాను కూడా. తరవాత వారానికొకటి... ఆ పిల్లకి ఏదైనా అయితే? అల్లుడు ఆ ఫ్రేము తీసి నా మొహాన కొట్టడూ?” అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోంచి బకెట్ మీద కూర్చున్న నాన్నని చూసింది.

నాన్న జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకుంటున్నారు. చెమటో, ఇంకేదో. చిన్నమ్మి ఆయన పక్కనే నిలబడి, అడుగున ఉస్సు ఉస్సుమని ఆవిరి వదులుతోంది.

“ప్రెషర్ పడిపోతన్నాది తాతా,” అన్నాడు సూర్యం పైనుంచి. “ఇప్పుడు బొగ్గు వేసీమంటారా, నిప్పు దించీమంటారా?”

నాన్న టోపీని ఒళ్ళో బోర్లించుకున్నారు.

అమ్మ కొంగు నడుముకి దోపింది. పదిమంది నడుమకి నడిచి వచ్చింది. విజయనగరం నుంచి బిలాస్‌పూర్ దాకా ఏ పెళ్ళి పందిట్లోనూ అంత గట్టిగా మాట్లాడి ఉండదు.

“ఆపండి! ఆ చుట్టలు నాయి. ఆ డబ్బా నాది. దొంగా నేడు, ముఠా నేదు.”

కేసు అయిపోయిందని నేను ఊపిరి వదిలాను. తొందరపడ్డాను.

బావ మెల్లగా నవ్వాడు. వెళ్ళి అమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు. “అత్తయ్యగారూ, మీ మనసు వెన్న. ఆ పేదవాణ్ణి జైలు నుంచి కాపాడ్డానికి నేరం మీ నెత్తిన వేసుకుంటున్నారు. కానీ నేను నమ్మను. మీరు చుట్ట ముట్టి మూడేళ్ళయింది. ఆ కేసు ఛేదించింది ఎవరు? నేను! నా కేసులో తప్పు ఉండదు.”

“నిజం బాబూ! నానే!”

“ప్రణీతా, అమ్మమ్మకి మంచినీళ్ళియ్యి. ఎండ దెబ్బ.”

నేరం ఒప్పుకున్నా శిక్ష పడని మనిషిని నేను మొదటిసారి చూశాను.

పన్నెండున్నర దాటింది. బావకి ఇక ఉపన్యాసం చెయ్యాల్సిన సమయం వచ్చింది. ప్రతి కేసు చివరా అందరినీ ఒకచోట నిలబెట్టి ఎత్తు మీద నుంచి మాట్లాడతాడు. పాల ప్యాకెట్ కేసుకి స్టూలు ఎక్కాడు. ఇప్పుడు తను కట్టిన చున్నీ తనే దాటి, ఘటనా స్థలమైన బెంచీ ఎక్కాడు.

“సోదరసోదరీమణులారా! మీలో ఒకడు, పైకి మసి, లోపల అంతకంటే మసి, ఈ క్షణంలో గజగజ వణుకుతున్నాడు. ఆ గోళా ఇప్పుడు ఎక్కడుందో తెలుసా? వేల మైళ్ళ దూరంలో! సముద్రాలు దాటి! అయినా రమణబాబు చూపు నుంచి తప్పించుకోలేదు! ఆ దుర్మార్గుడు మరెవరో కాదు...”

అంటూ సూర్యం వైపు చెయ్యి విసిరి, నాటకీయంగా ఒక అడుగు వెనక్కి వేశాడు.

వెనక బుట్ట ఉంది.

బుట్ట పక్కకి ఒరిగింది. పులిహోర డబ్బా గట్టిది, మూత ఊడలేదు. దాని మీదున్న తోలు సంచి మాత్రం జారి, నోరు తెరుచుకుంది. అందులోంచి ఇనప బంతి బయటికొచ్చి, బెంచీ అంచు మీద ఒక్క క్షణం ఆలోచించింది. అదే క్షణంలో బావ తూలి బెంచీ దిగాడు. బంతి కూడా దిగింది. సరిగ్గా ఆయన ఎడమకాలి బొటనవేలి మీదకి.

బావ వేసిన కేక విని ఇంజను విజిలనుకుని చిన్నపిల్లలు చప్పట్లు కొట్టారు.

బంతి అక్కణ్ణించి దొర్లుకుంటూ ప్లాట్‌ఫారమంతా దాటి రాంప్రసాద్ గారి బూటుకి తగిలి ఆగింది. ఆయన వంగి తీశారు. కోటుతో తుడిచారు. కళ్ళజోడు సర్దుకుని దాని మీద పేరు చూసుకున్నారు. దొంగెవరు, ఎలా వచ్చింది, ఇవేమీ ఆయనకి పట్టలేదు. మడమలు కలిపి నిలబడ్డారు.

“అప్పలస్వామీజీ! లైన్ క్లియర్!”

నాన్న బకెట్ మీద నుంచి లేచిన వేగానికి బకెట్ పడిపోయింది. బంతి మీది పేరు పైకి చదివి, రెండు చేతులా అందుకున్నారు.

“చూశారా!” ఒంటికాలి మీద గెంతుతూ అరిచాడు బావ. “ఎక్కడ దాచాడో చూశారా ఆ దుర్మార్గుడు! మా అత్తయ్యగారి బుట్టలోనే!”

అమ్మ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. ఇత్తడి డబ్బాలోంచి చుట్ట తీసి, చివర కొరికి ఉమ్మి, అగ్గిపుల్ల గీసి అంటించింది. రెండు దమ్ములు లాగి, చటుక్కున తిప్పి నిప్పు కొసని నోట్లో పెట్టుకుంది. పెదవులు మూసి అల్లుడి మొహంలోకి చూసింది.

బావ గెంతటం ఆపేశాడు. కాలిన కొస, తడి కొస, అన్నీ ఆయన మొహంలో ఒక్కొక్కటిగా కనిపించాయి.

“ఇప్పుడైనా నమ్ముతావేటి బాబూ?” అంది అమ్మ, చుట్ట తీసి. వెంటనే మనవరాలి వైపు తిరిగింది. “ప్రణీతా, నన్ను క్షమించమ్మా. నీ తల మీద ఒట్టు...”

“అమ్మమ్మా, ఏం కాదు,” అంది ప్రణీత. “ఆ రోజు నేను స్కేటింగ్‌కి వెళ్తున్నాను నా? హెల్మెట్ పెట్టుకుని ఉన్నాను. ఒట్టు హెల్మెట్‌కి తగిలింది. కౌంట్ హీ నహీ హోతా, లెక్కలోకే రాదు.”

నేర పరిశోధకుడు తన చేతులతో వేయించిన ఒట్టు. తల మీద హెల్మెట్ ఉన్న సంగతి గమనించలేదు.

“నీకు ముందే తెలుసా నాన్నా?” అని అడిగాను, నాన్న భుజానికి రింగు వేసుకుంటుంటే.

“చుట్టల సంగతా? నాను ఫైర్‌మేన్‌నిరా. ఎక్కడ నిప్పున్నాదో తెలీకపోతే ఎలగ?” ఆయన ఇంజను ఎక్కుతూ వెనక్కి తిరిగారు. “గోళా సంగతి తెలీలేదు. తెలిసుంటే చెప్పేసుందును. ఏమే, రా. నువ్వూ ఎక్కు.”

“నానా? ఇంజనా?” అంది అమ్మ.

“మరి ఇంకెప్పుడు ఎక్కుతావు? ఆ డాక్టరు మాట రేపట్నించి ఇందాం. ఈ పూట నువ్వూ చిన్నమ్మీ ఇద్దరూ పొగ వదలండి.”

సూర్యం చెయ్యి అందించాడు. అరవై ఏళ్ళుగా క్వార్టర్ గుమ్మంలోంచి ఇంజన్లని చూసిన మనిషి మొదటిసారి దాని మెట్టెక్కింది. పన్నెండూ నలభైకి చిన్నమ్మి కూత వేసింది. నాన్న ఆ తాడుని అలా లాగి పట్టుకునే ఉన్నారు. ఆ కూత బిల్హా దాకా వినపడే ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపి, బండి వైపు తిరిగారు.

అక్కా ప్రణీతా పెట్టెలో కూర్చున్నారు. నేను ఎక్కలేదు. బావ బొటనవేలు బీట్‌రూట్‌లా ఉబ్బింది. దాని మీద చల్లటి నీళ్ళ బాటిల్ ఆనించి పట్టుకోవటానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎప్పుడూ నేనే.

“నాకు మొదట్నించీ తెలుసు రాజేంద్రా,” అన్నాడు బావ బెంచీ మీద కాలు చాపుకుని.

“ఏమిటి?”

“గోళా బుట్టలో ఉందని. లేకపోతే ఆ బుట్ట చుట్టూ చున్నీ ఎందుకు కడతాను? ఒక్కణ్ణయినా ముట్టుకోనిచ్చానా?”

నేను బాటిల్‌ని కొంచెం గట్టిగా నొక్కాను.

“మరి సూర్యాన్ని ఎందుకు పట్టుకున్నావు?”

“అసలు నేరస్థుడు ఏమరుపాటుగా ఉండటానికి. ఈ విద్య నీకు అర్థం కాదులే.” బావ లేచాడు. చివరి బండి తిరిగొచ్చేటప్పుడు గోళా అందుకునే గౌరవం కేసు ఛేదించినవాడిదేనని రాంప్రసాద్ గారిని ఒప్పించాడు. ఆయన సంతోషంలో ఉన్నారు, ఏమడిగినా ఒప్పుకునేవారు. బావ కుంటుకుంటూ ప్లాట్‌ఫారం అంచున నిలబడి, ఫొటో తియ్యమని ఫోను నాకిచ్చి, ఎడమ చెయ్యి చాచాడు.

మలుపులో పొగ కనపడింది. తరవాత చిన్నమ్మి. ఒంటిగంటకి ఇంకా మూడు నిమిషాలుంది. నాన్న రెగ్యులేటర్ మీద చెయ్యేసి, కళ్ళు పట్టాల మీద పెట్టి, నవ్వుతున్నారు. పబ్లిక్ ఎవరూ భయపడలేదు. పక్కన అమ్మ మొహమంతా మసి, నోట్లో అడ్డంగా చుట్ట, చేతిలో రింగు.

“ఇప్పుడు! ఇసురు!” అన్నారు నాన్న.

అమ్మ విసిరింది.

రింగు బావ చాచిన చేతిని గౌరవంగా దాటి, తల మీదుగా వచ్చి మెడలో పడింది. ఇనప గోళా గుండె మీద ఠప్పున కొట్టుకుంది. బావ వెల్లకిలా పడ్డాడు. వెనకే ఉన్న ఘటనా స్థలం చుట్టూ తను కట్టిన చున్నీ కాళ్ళకి చుట్టుకుంది.

నేను ఫొటో తీశాను.

ఇప్పుడు మా హాల్లో ‘పొగాకు లేని ఇల్లు’ ఫ్రేము లేదు. ఆ మేకుకి ఈ ఫొటో తగిలించాం. ఫ్రేములో వెనక చిన్నమ్మి ఆఖరి పొగ, దాని కింద అమ్మా నాన్నా, ముందు కాళ్ళకి చున్నీ, మెడలో రింగుతో మా బావ. చుట్టాలొస్తే ముందు మంచినీళ్ళు, తరవాత ఈ ఫొటో. చూపించేది బావే.

“దొంగసొత్తు తనంతట తానే వచ్చి నా మెడలో వాలింది,” అంటాడు. “అనుమానం ఉంటే మా అత్తయ్యగారిని అడగండి. ప్రత్యక్ష సాక్షి.”